చిన్న తరిమెన – హెన్రీ మాడ్స్లీ చరిత్రము

తిరుగుచున్న కొయ్యకు ఉలిని ఆనించి గుండ్రముగా చెక్కు పనిని తరిమెన పట్టుట యందురు. ఆ పనికి సాధనమైన యంత్రమే తరిమెన. నేడు దానిని లేతు అనియు పిలుచుచున్నారు. మంచపుకోళ్లు, అప్పడాల కఱ్ఱలు, బొంగరములు, మన ఏటికొప్పాక లక్కబొమ్మలు అన్నియు తరిమెనమీదనే రూపుదాల్చును. ఈ యంత్రము రెండువేల యేండ్లకు పైగా లోకమున వాడుకలో నున్నది. ఇంగ్లండు దేశపు పనివారు పూర్వము ఇంటికప్పునకు ఒక సాగుడుబద్దను కట్టి, దానినుండి త్రాటిని దింపి, కొయ్యచుట్టు ఒక చుట్టు త్రిప్పి, క్రిందనున్న కాలిపీటకు ముడివేసెడివారు. కాలితో పీటను నొక్కినపుడు కొయ్య ముందునకు తిరుగును. కాలెత్తినపుడు బద్ద త్రాటిని పైకి లాగగా కొయ్య వెనుకకు తిరుగును. ముందునకు తిరుగునపుడు మాత్రమే ఉలిని ఆనింపవలెను. ఇది యెంత మెలకువతో కూడిన పనియో చూచినవారికే తెలియును.

ఈ పనిలో కొయ్యను త్రిప్పునది యంత్రమే కాని, ఉలిని పట్టునది మనుష్యుని చేయి. చేయి యెంత నేర్పుగలదైనను అలసిపోవును, వణకును. నేర్పరియైన పనివాడు ఒకే తీరున రెండు బొంగరములు చేసి యీయగలడు. వానిని కొలిచి చూచినచో వెండ్రుకవాసి తేడా యుండకపోదు. బొంగరమునకు ఆ తేడా లెక్కలోనిది కాదు. తాళమునకును, ఆవిరియంత్రమునకును అది లెక్కలోనిదే.

నేడు ఇంటిలో ఒక బల్లపై నుంచుకొని, పని తీరినపిమ్మట ఎత్తి మరియొకచోట పెట్టుకొనదగిన చిన్న తరిమెనను కొనదలచినవాడు, వెల యడుగుటకు ముందు కొన్ని సంగతులు పరీక్షింపవలెను. కొయ్యను ఇరువైపుల పట్టియుంచు రెండు మొనలును ఒకదానికొకటి సరిగా ఎదురుపడుచున్నవా? ఆ మొనలు గల తలలు జారు దండము తిన్నగా నున్నదా? వేగము హెచ్చినపుడు ఉలిపీఠము అదరుచున్నదా? యంత్రము చిన్నదైనకొలది ఈ పరీక్షలో నెగ్గుట కష్టము. బరువు అదురును అణచును గదా! బరువు తక్కువయైనచోట ఆ లోటును పొందికచేతను, తిన్నదనముచేతను పూరింపవలెను. చిన్న తరిమెనలో ఈ గుణములను ఇనుముతోను ఉక్కుతోను సాధించి చూపి, పెద్ద యంత్రములకెల్ల త్రోవ తీసిన పనివాడు హెన్రీ మాడ్స్లీ.

మాడ్స్లీ 1771వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన, లండను నగరమునకు సమీపమున థేమ్సు నదీతీరమందలి వూలిచ్ పట్టణమున జన్మించెను. తండ్రి సైన్యములో బండిచక్రములు చేయు పనివాడు. ఆతడు యుద్ధమున గాయపడి, తరువాత వూలిచ్‌లోని ఆయుధశాలలో సామాను భద్రపరచు ఉద్యోగమున చేరెను. కుటుంబము పెద్దది. హెన్రీకి పండ్రెండవయేట బడి కాదు, పని లభించెను. తుపాకి తూటాలలో మందు నింపుట ఆ పని. రెండేండ్ల పిమ్మట ఆతనిని అచ్చటనే వడ్రంగిశాలకు మార్చిరి. కాని బాలుని మనస్సు కొయ్యమీద నిలువలేదు. ప్రక్కనున్న కొలిమిలో సుత్తిదెబ్బ వినబడినప్పుడెల్ల చేతిలోని బాడిసె ఆగిపోయెడిది. ఎట్టకేలకు పదునైదవయేట పెద్దలు ఆతనిని కమ్మరిశాలకు పంపిరి.

ఆ శాలలో ఒక చిత్రమైన ఆచారముండెడిది. అధికారి కన్నుమరుగైనపుడు ముసలి కమ్మరులు పాత ఇనుపముక్కలతో ముక్కాలిపీటల వంటి సామాను చేసి తమ నేర్పు చూపుకొనెడివారు. అధికారి యడుగుల చప్పుడు వినబడగానే సామాను మాయమయ్యెడిది. ఇది మెచ్చదగిన నడవడి కాకపోయినను, హెన్రీ కమ్మరిపనిలోని మర్మములను ఆ వృద్ధులవలననే నేర్చెనని చెప్పుదురు. ఆకురాయి పట్టుటలోను ఆతనికి సాటి లేకుండెను. చదునైన ఇనుపపలకను వట్టి ఆకురాయితో సానబెట్టి అద్దమువలె చేయగలిగెడివాడు.

ఆ దినములలో లండనులో జోసెఫ్ బ్రామా యను శిల్పి యుండెను. ఆతడు రైతుబిడ్డ. చిన్ననాట కాలు దెబ్బతిని, సేద్యమునకు పనికిరాక వడ్రంగము నేర్చి, బుద్ధిబలముచేత ప్రసిద్ధుడయ్యెను. 1784లో ఆతడు దొంగలకు సాధ్యము కాని తాళమునొకదానిని కల్పించెను. తాళము మంచిదే. కాని దానిలోని సన్నని భాగములను చేతితో సరిగా చేయుటకు దినములకొలది పట్టుచుండుటచేత వెల హెచ్చిపోయి కొనువారు కరవైరి. వూలిచ్‌లో నేర్పరియైన కమ్మరి యువకుడొకడున్నాడని విని బ్రామా కబురుపంపెను.

వచ్చినవాడు పదునెనిమిదేండ్లవాడు. ఏడేండ్లు శిష్యరికము చేసి వచ్చిన పనివారి నడుమ, ఏ శిష్యరికమును పూర్తిచేయని బాలునికి చోటెట్లు దొరకును? బ్రామా సైతము సందేహించెను. అప్పుడు ఒక పరీక్ష ఏర్పడెను. శాలలో అరిగిపోయిన వైసు ఒకటి పడియుండెను. దాని దవుడలకు క్రొత్త ఉక్కు అతికి, ఆకురాయితో పండ్లుతీర్చి, పదునెక్కించి, సాయంకాలము ఆరుగంటల గంట మ్రోగకముందే బల్లపై నుంచవలెను. హెన్రీ చొక్కాచేతులు మడచి కొలిమివద్ద నిలిచెను. గంట మ్రోగుసరికి వైసు క్రొత్తదానివలె మెరయుచుండెను. ఆనాటినుండి ఆతని వయస్సును గూర్చి యెవ్వరును మాటాడలేదు. ఇది 1789 నాటి సంగతి.

తాళములు త్వరగా చేయుటకు పనివారిని హెచ్చింపలేదు, పనిముట్లనే మార్చిరి. భాగములను కోయుటకు, రంధ్రములు వేయుటకు, గాళ్లు తీయుటకు ప్రత్యేకమైన యంత్రములను నిర్మించుటలో మాడ్స్లీ బ్రామాకు కుడిభుజమయ్యెను. ఆ శాలలో సిద్ధమైన తాళమొకటి పికడిల్లీ వీథిలోని బ్రామా అంగడి అద్దములో వ్రేలాడుచుండెడిది. దానిని తాళపుచెవి లేక తీయగలవానికి 200 గినీలు బహుమానమని ప్రకటించిరి. 1851 వరకును ఎవ్వరికిని అది లొంగలేదు. ఆ యేట అమెరికావాడైన హాబ్స్ అనునతడు 16 దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి దానిని తీయగలిగెను. నీటి ఒత్తిడితో పనిచేయు బ్రామా యంత్రమునందును నీరు కారిపోవు చిక్కు కలుగగా, ఒత్తిడి హెచ్చినకొలది తానే బిగియు తోలుపట్టీని మాడ్స్లీయే అమర్చెనని ఆతని శిష్యులు చెప్పుచుండిరి.

1791లో మాడ్స్లీ బ్రామా ఇంటిలో పనిచేయుచుండిన సారాయను యువతిని వివాహమాడెను. బిడ్డలు కలిగిరి. శాలకంతకు పెద్దయైనను ఆతని జీతము వారమునకు 30 షిల్లింగులు మాత్రమే. జీతము పెంచుమని యడుగగా బ్రామా నిరాకరించెను. తన శాలయే ఎవరి చేతులమీద నిలిచియున్నదో ఎరిగియు బ్రామా అట్లు నిరాకరించుట వింతగానే తోచును. 1797లో మాడ్స్లీ కొలువు విడిచి, ఆక్స్‌ఫర్డు వీథికి దగ్గరనున్న వెల్స్ వీథిలో చిన్న అంగడి తెరచెను. మొదట వచ్చిన బేరము ఒక చిత్రకారునిది. చిత్రపటమును నిలుపుకొను చట్రమునకు ఇనుపసామాను కావలెనని ఆతడు వచ్చెను. మహాయంత్రశిల్పి యొక్క స్వతంత్రజీవితము అట్టి స్వల్పమైన పనితో ప్రారంభమయ్యెను.

ఈ కాలముననే మాడ్స్లీకి కీర్తి తెచ్చిన తరిమెన రూపొందెను. అది పెద్దది కాదు, బల్లమీద ఇముడునంతటిదే. అంతకుముందు తరిమెనల దండములు చాలవరకు కొయ్యతో చేయబడుచుండెను. కొయ్య వానకాలమున ఉబ్బును, ఎండకాలమున వంగును. దండము వంగినచో మొనలు తప్పును. మొనలు తప్పినచో పని వంకరపోవును. మాడ్స్లీ కొయ్యను విడిచి, మూడు పలకలుగల లోహపుదండములను ఎన్నుకొనెను. మూడు పలకల దండముపై అమర్చిన తల ప్రక్కలకు ఒరగదు. ఎచ్చటికి జరిపినను ఒకే గీటున నిలుచును. చెక్కిన పొట్టు దానిమీద నిలువక జారిపోవును. అట్టి ఒకే దండముగల చిన్న తరిమెనలు ఆతని శాలనుండి వెలువడి, సరదాకు కొయ్యయు దంతమును చెక్కుకొను గృహస్థుల యిండ్లకును చేరెను.

ఉలిని చేతినుండి తీసివేయుట రెండవ మార్పు. ఉలిని ఒక జారుడుపీఠమున గట్టిగా బిగించి, ఆ పీఠమును మరతో త్రిప్పుచు ముందునకు వెనుకకు నడిపెను. పీఠము దండము వెంబడి తిన్నగా పోవును కావున, ఉలియు తిన్నగానే పోవును. పనివాని చేయి వణకినను ఉలి వణకదు. ఈ జారుడుపీఠమును మాడ్స్లీయే కనిపెట్టెనని కొన్ని పుస్తకములలో వ్రాసియుందురు. అది పూర్తిగా సరికాదు. రష్యాలో పీటరు చక్రవర్తి కొలువునందలి నార్టోవు, ఫ్రాన్సులో వోకాన్సన్ అనువారు అట్టివానిని అంతకు పూర్వమే చేసియుండిరి. ఇంగ్లండులో రామ్స్‌డెన్ కూడ పనిముట్ల కొరకు మరలు కోయు యంత్రములను నిర్మించెను. ఉక్కు, మర, పీఠము, దండము, పండ్లచక్రములు వీనినన్నిటిని ఒక్క దృఢమైన యంత్రముగా కూర్చి, దినదినము శాలలో నిలుచునట్లు చేయుటలో మాడ్స్లీ యెక్కువవాడు. కనిపెట్టినవానికంటె పొందికగా కూర్చినవాని ఘనత తక్కువదని నేను తలపను.

ఆ యంత్రమున పొడవైన మరయొకటి పీఠమును నడుపును. తిరుగు తలకును ఆ మరకును నడుమ పండ్లచక్రములుండును. చక్రములను మార్చినచో ఒకే మరతో దట్టమైన చుట్లు గల మరనైనను, ఎడమైన చుట్లు గల మరనైనను కోయవచ్చును. అయితే ఒక ప్రశ్న వచ్చును. సరియైన మర కోయుటకు సరియైన మర ముందుండవలెను గదా! ఆ మొదటి మర యెక్కడిది? మాడ్స్లీ దీనికి ఎన్నో ఉపాయములు చేసిచూచెను. తుదకు అర్ధచంద్రాకారమైన ఉక్కుకత్తిని కావలసినంత ఒరగించి, తిరుగుచున్న కొయ్యకడ్డీకో మెత్తని లోహపుకడ్డీకో ఆనించెను. కత్తి తనంతట తానే కడ్డీచుట్టును మెలికగా గీటు గీచుకొనుచు పోయెను. అట్లు పుట్టిన మరలలో మంచిదానిని ఏరి, దాని తప్పులను దిద్ది, దానితో మరియొకటి కోసెను. ఆ రెండవది మొదటిదానికంటె మేలయ్యెను. దానితో మూడవది. ఇట్లు ఓపికతో ఒక్కొక్క మెట్టు ఎక్కుచు పోయెను. తరువాత ఆతడు చేసిన ఒక మర అయిదడుగుల పొడవున, అంగుళమునకు 50 చుట్లు కలిగియుండెను. దాని నట్టు ఒక అడుగు పొడవు. దానిలో 600 చుట్లు.

ఈ శ్రమ యెందులకని తోచవచ్చును. ఆనాటి శాలలలో ప్రతి బోల్టునకును దాని నట్టు వేరుగా చేయబడుచుండెను. ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తు పెట్టవలెను. యంత్రమును విప్పినపుడు గుర్తు తప్పినచో మరల బిగించుట దుస్సాధ్యము. మాడ్స్లీ తన శాలలో ఒక్కొక్క పరిమాణమునకు ఒక్కొక్క తీరు చుట్లు నిర్ణయించెను. అప్పటినుండి ఆ శాలలో ఆ పరిమాణపు ఏ నట్టైనను ఏ బోల్టునకైనను సరిపోయెడిది.

అంగడి కిటికీలో ఉంచిన చక్కని మర యొకటి, త్రోవన పోవు ఫ్రెంచివాని కంటబడెను. ఆతడు మార్క్ బ్రూనెల్ అను ఇంజనీరునకు మిత్రుడు. ఆ మిత్రుని మాటపై బ్రూనెల్ మాడ్స్లీకడకు కొన్ని పటములు తెచ్చి, అవి యెందులకో చెప్పక, అట్టి నమూనాలు చేసి యిమ్మని కోరెను. కొన్ని పటములను చూచినపిమ్మట మాడ్స్లీ అవి ఓడకప్పీలు చేయు యంత్రములని తానే గ్రహించెనట. బ్రూనెల్ విస్మయమొంది, నాటినుండి ఆతనికడ ఏమియు దాచలేదు.

తెరచాప ఓడలకు కప్పీలు ప్రాణములవంటివి. 74 ఫిరంగుల యుద్ధనౌకకు వేయి కప్పీల వరకు కావలసియుండెను. ఆంగ్ల నౌకాదళమునకు ఏటేట లక్ష కప్పీలు వలసియుండెను. కప్పీ పైడొల్ల ఎల్మ్ అను చెట్టుకొయ్య. లోపలి చక్రము లిగ్నమ్ వైటీ యను మిక్కిలి గట్టి కొయ్య. అన్నియు తరిమెనపైనను ఉలితోను చేయవలసినవే. అప్పటివరకు ఈ పని సౌతాంప్టనులోని టేలరు కుటుంబమువారిది. బ్రూనెల్ మొదట వారినే ఆశ్రయించెను గాని, తమ పద్ధతియే చాలునని వారు త్రోసివేసిరి. నౌకాదళపు పనులను పర్యవేక్షించుచుండిన సామ్యుయెల్ బెంథామ్ మాత్రము ఆతని యోజనను అంగీకరించెను. 1802 మొదలు 1808 వరకు మాడ్స్లీ పోర్ట్స్‌మత్ రేవుకొరకు నలువదికి పైగా యంత్రములను లోహముతో నిర్మించి యిచ్చెను. ఒక యంత్రము దుంగను కోయును, ఒకటి తొలుచును, ఒకటి పది డొల్లలను ఒక్కసారి బిగించుకొని వాని వంపు తీర్చును, మరియొకటి చక్రములను గుండ్రముగా తీర్చును. 1808లో అచ్చట 1,30,000 కప్పీలు తయారయ్యెను. పూర్వము 110 మంది నిపుణులు చేసిన పనిని పదిమంది సామాన్యులు చేయసాగిరి.

ఆ నూరుమంది సంగతి ఏమయ్యెనో ఈ కథను చెప్పు పుస్తకములు సాధారణముగా చెప్పవు. ఏండ్ల తరబడి చేతిలో సంపాదించిన నేర్పు ఒక్కసారి విలువ కోల్పోవుట సామాన్యమైన దుఃఖము కాదు. యంత్రమువలన రాజ్యమునకు ధనము మిగిలెను, ఓడలకు మేలైన కప్పీలు లభించెను, ఈ రెండును నిజమే. టేలరు కుటుంబమువారి బేరము పోయినదనుటయు నిజమే. ఆ యంత్రములలో కొన్ని నూటయేబది యేండ్లు చెడక పనిచేసెను.

1810లో మాడ్స్లీ థేమ్సునదికి దక్షిణమున లాంబెత్‌లో పెద్ద శాలను స్థాపించెను. జాషువా ఫీల్డ్ అను ఇంజనీరు ఆతనికి భాగస్వామి అయ్యెను. అచ్చటినుండి ఆవిరియంత్రములు, ఓడలకు ఇంజనులు వెలువడెను. థేమ్సుక్రింద బ్రూనెల్ త్రవ్వించిన సొరంగమునకు ఇనుపకవచమును చేసియిచ్చినది ఈ శాలయే. ఇంత పెద్ద పనులు చేయుచున్నను మాడ్స్లీ దృష్టి సూక్ష్మతను విడువలేదు. పనివారి బల్లలపై మిక్కిలి చదునైన పలకలను ఉంచి, తాము చేసిన భాగము చదునుగా నున్నదా లేదా యని దానిపై పెట్టి చూచుకొనుమనెడివాడు. తన బల్లపై అంగుళములో పదివేలవ వంతును కొలుచు మైక్రామీటరు నొకదానిని ఉంచుకొనెను. పనివారిలో వివాదము పుట్టినపుడు దాని తీర్పే తుదితీర్పు. అందుచేత దానికి ఇంగ్లండు ప్రధాన న్యాయాధికారి బిరుదును, లార్డ్ ఛాన్సలర్ అని, పెట్టిరి.

మాడ్స్లీ ఆరడుగులకు మించిన పొడగరి, గంభీరుడు, హాస్యప్రియుడు. శాలలో తిరుగునపుడు ఆకురాయి చప్పుడునుబట్టియే పనివాని నేర్పును గ్రహించెడివాడు. శిష్యులుగా చేర్చుకొనుటకు ధనమిచ్చు శ్రీమంతుల బిడ్డల సోమరితనము చూచి విసిగి, వారిని చేర్చుకొనుట మానివేసెను. 1829లో జేమ్స్ నాస్మిత్ అను స్కాట్లండు యువకుడు తాను చేసిన చిన్న ఆవిరియంత్రపు నమూనాతోను, పటములతోను వచ్చెను. వానిని చూచిన పిమ్మట మాడ్స్లీ తన నియమమును సడలించి, ఆతనిని తన సొంత సహాయకునిగా నియమించెను. తరువాత ఆవిరిసుత్తిని నిర్మించినవాడు ఈ నాస్మిత్తే. మరలకు దేశమంతటను ఒకే కొలత ఉండవలెనని 1841లో ప్రతిపాదించిన విట్‌వర్త్, బాబేజి గణనయంత్రమునకు భాగములు చేసిన క్లెమెంట్, నూలు వడకు యంత్రములను స్వయముగా నడచునట్లు చేసిన రాబర్ట్స్, వీరందరును లాంబెత్ శాలలో పనిచేసినవారే.

తుదిదినములలో ఆతని మనస్సు ఆకాశముపై మళ్లెను. పెద్ద దూరదర్శినిని తన చేతితో చేయవలెనని సంకల్పించెను. అది నెరవేరలేదు. 1831 జనవరిలో రోగియైన మిత్రుని చూచుటకు ఫ్రాన్సునకు పోయి, తిరిగివచ్చునపుడు సముద్రముపై చలి తగిలి జబ్బుపడెను. ఫిబ్రవరి 14వ తేదీన మరణించెను. అప్పటికి ఆతని వయస్సు 59 యేండ్లు.

ఆతని మరకోత తరిమెన లండనులోని విజ్ఞాన ప్రదర్శనశాలలో నేటికిని ఉన్నది. ఆతనిని వూలిచ్‌లో సెయింటు మేరీ దేవాలయపు ఆవరణమున ఖననము చేసిరి. సమాధికి తానే ముందుగా పటము గీచి యుంచుకొనెను. ఆ సమాధిని రాతితో కాక పోత ఇనుముతో నిర్మించిరి.